సరిహద్దు గీత మీద ఇసుక ఊరు – దర్గా హొన్నూరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మేము మొదట కథ రాద్దామనుకున్నాము. మేము అంటే ఇక్కడ పదో తరగతి దాకా చదివి వెళ్లిన నలుగురం. మాలో ఇద్దరిది బొమ్మనహాళ్ మండలం, ఒకరిది కణేకల్లు, ఒకరిది గుమ్మగట్ట. నాలుగు ఊళ్లకూ ఏరు ఒకటే. అప్పుడు తొమ్మిదో తరగతి సోషల్ క్లాసు గుర్తుకొచ్చింది. "ఎడారి ఎక్కడుంది?" అని సార్ అడిగితే అందరం ఒకే గొంతుతో "రాజస్థాన్" అన్నాము. వెనక బెంచీ నుంచి మావాడొకడు లేచి "మా ఇంటి ఎనకాల ఉండాది సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు. "అయితే సెలవుల్లో పోయినప్పుడు బాగా చూసి, రాసుకొని రా" అన్నారు. వాడు రాసుకొని రాలేదు. ఆ బాకీ ఇన్నేళ్లకు నలుగురం కలిసి తీరుస్తున్నాము. కథ కాదు, పాఠమే రాస్తున్నాము.

ఊరు ఎక్కడ ఉంది?

గోడమీది అనంతపురం జిల్లా మ్యాపు చూడండి. వాయవ్య మూలన రాయదుర్గం పైభాగాన డి.హీరేహాళ్, బొమ్మనహాళ్, కణేకల్లు అని మూడు మండలాలు పక్కపక్కన కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినప్పుడు కూడా ఈ మూల అనంతపురంలోనే ఉండిపోయింది. బొమ్మనహాళ్ మండలంలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరే దర్గా హొన్నూరు. బళ్ళారి ముప్పై కిలోమీటర్ల లోపే. అనంతపురం మాత్రం బస్సులు మారి పోవాలి. అందుకే ఈ ఊళ్లలో "టౌనుకు పోయినాడు" అంటే బళ్ళారికి పోయినాడని అర్థం. జబ్బు చేస్తే బళ్ళారి, పెళ్లి బట్టలకు బళ్ళారి, మిరపకాయ అమ్మాలన్నా బళ్ళారే. కలెక్టర్ ఆఫీసులో పని పడితే తప్ప అనంతపురం గుర్తుకు రాదు.

ఊరి పేరులో రెండు మాటలున్నాయి. హొన్ను అంటే కన్నడంలో బంగారం. ఊరు మనకు తెలిసిందే. ముందున్న "దర్గా" ఊళ్లోని దర్గా వల్ల వచ్చింది. ఈ దర్గాకు ముస్లింలే కాదు, అన్ని కులాలవాళ్లూ మొక్కుకుంటారు. మన హాస్టల్ హాజరు పట్టీలో హొన్నూరప్ప, హొన్నూరుస్వామి, హొన్నూర్‌వలి అని వరసగా పిలిస్తే మూడు చోట్ల నుంచి "ప్రజెంట్ సార్" అని వినపడేది గుర్తుందా? ఆడపిల్లల్లో హొన్నూరమ్మలు, హొన్నూర్‌బీలు ఉన్నారు. పేరు చూసి మతం చెప్పడం మా వైపు కష్టం. కొత్తగా వచ్చిన టీచర్లు ఈ విషయంలో తడబడుతుంటే మేము వేడుక చూసేవాళ్లం.

ఇసుక ఎక్కడిది?

దర్గా హొన్నూరు, గోవిందవాడ వంటి ఊళ్ల దగ్గర పొలాల మధ్య ఇసుక దిబ్బలు లేచి ఉన్నాయి. మొదటిసారి చూసినవాళ్లు ఇది సీమ అంటే నమ్మరు. అయితే ఇది రాజస్థాన్ నుంచి కొట్టుకొచ్చిన ఇసుక కాదు, దేవుడి శాపమూ కాదు. ఇది మన వేదవతి ఇసుక.

వేదవతి పుట్టుక కర్ణాటకలో, చిక్కమగళూరు జిల్లా బాబాబుడన్ కొండల్లో. వేద, అవతి అనే రెండు చిన్న ఏర్లు కడూరు దగ్గర కలిసి వేదవతి అవుతాయి. చిత్రదుర్గం జిల్లా దాటి గుమ్మగట్ట వైపు మన జిల్లాలోకి వస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల గుండా ఉత్తరానికి సాగి మళ్లీ బళ్ళారి జిల్లాలో ప్రవేశించి తుంగభద్రలో కలుస్తుంది. మావైపు దీన్ని హగరి అనే అంటారు. అంటే ఈ నది ఒక రాష్ట్రంలో పుట్టి, మన దగ్గర చుట్టపుచూపుగా ఉండి, మళ్లీ పుట్టింటికి పోతుందన్నమాట.

పైన హిరియూరు దగ్గర మైసూరు రాజుల కాలంలో ఈ నదికి అడ్డంగా ఒక పెద్ద కట్ట కట్టారు. 1907లో పూర్తయింది. దాని పేరు వాణీ విలాస సాగరం. మన గడ్డ మీద గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు తరువాత వచ్చింది. ఈ రెంటికీ మధ్య, ఎగువన, చెరువులు, చెక్‌డ్యాములు, బోర్లు లెక్కలేనన్ని. వాణీ విలాస సాగరం 1933లో ఒకసారి పూర్తిగా నిండి పొర్లింది. మళ్లీ పొర్లింది 2022లో. అంటే 89 ఏళ్లు! మా గుమ్మగట్ట మిత్రుడి జేజి తన జీవితమంతా ఆ కట్ట పొర్లిందన్న మాట వినకుండానే పోయింది.

నీళ్లు లేని నదిలో ఏముంటుంది? ఇసుక ఉంటుంది. నీరు పారినన్నాళ్లూ తడి ఇసుకను గాలి కదిలించలేదు. ఎండిన తరువాత పైపొర వదులవుతుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో, జూన్ నుంచి ఆగస్టు దాకా, పడమటి గాలి రాత్రింబగళ్లు కొడుతుంది. వాన పశ్చిమ కనుమల అవతలే కురిసిపోతుంది, మనకు గాలి మాత్రం మిగులుతుంది. అటు ఈశాన్య ఋతుపవనం కూడా తూర్పు తీరాన బలంగా కురిసి మన దగ్గరికి వచ్చేసరికి నీరసపడిపోతుంది. రెండు పంక్తుల్లోనూ చివర కూర్చున్న బంతి మనది. అందుకే జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే.

ఇసుక ఎలా నడుస్తుందో కూడా చెప్పుకోవాలి. మనం దుమ్ములాగా ఆకాశంలో ఎగిరిపోతుందనుకుంటాం. సన్నని దుమ్ము అలాగే పోతుంది గానీ ఇసుక రేణువు బరువు. అది గాలికి లేచి, కాస్త దూరం ఎగిరి కిందపడుతుంది. పడుతూ ఇంకో రేణువును తన్ని లేపుతుంది. ఇలా కప్పగంతులు వేస్తూ నేలబారుగా పోతుంది. గాలి కాలంలో నిక్కరు వేసుకొని దిబ్బ మీద నిలబడితే మోకాళ్ల కింద సూదులు గుచ్చినట్టుంటుంది, ముఖానికి అంత తగలదు. కారణం ఇదే. దారిలో ఒక కంపచెట్టో, గట్టో, గోడో అడ్డం వస్తే గాలి వేగం తగ్గి రేణువులు అక్కడే కూర్చుంటాయి. కూర్చున్న ఇసుకే మరుసటి ఏడు అడ్డమవుతుంది. దిబ్బ పెరిగేది అలా.

అయితే అంతా కట్టల వల్లనే అని రాస్తే అబద్ధమవుతుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలోనే హగరి ఇసుక గాలికి లేచి తూర్పు గట్టు పొలాల మీద పడుతోందని బళ్ళారి జిల్లా గురించి రాసినవాళ్లు రాశారు. ఊళ్లో పెద్దలు కూడా "మా అబ్బ కాలంలోనూ ఇసుక ఉన్నింది, ఇంత లేదు" అంటారు. గట్ల మీది చెట్లు వంటచెరుకుకు పోయాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ పైనేల మరింత ఎండింది. పాత రోగానికి కొత్త కారణాలు తోడయ్యాయి.

మనలాంటి ఊళ్లు ఇంకెక్కడ?

భౌగోళిక శాస్త్రంలో "బార్కన్" అన్న మాట చదివే ఉంటారు. నెలవంక ఆకారంలో ఉండే ఇసుక దిబ్బ. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది, గాలి పోయే వైపు నిటారుగా జారుతుంది, రెండు కొమ్ములూ గాలి పోయే దిక్కుకే చూస్తాయి. ఈ మాట మధ్య ఆసియా తురుష్క భాషల నుంచి వచ్చింది. అక్కడి తుర్క్‌మెనిస్తాన్‌లో కారాకుం అనే ఎడారి దేశంలో సుమారు డెబ్భై శాతం మేర పరుచుకొని ఉంది. ఆ దేశపు దక్షిణ కొసన ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు మీద సెర్హెతాబాద్ అనే చిన్న ఊరుంది. పాత పేరు కుష్కా. ఒకప్పుడు సోవియట్ యూనియన్ మొత్తానికి దక్షిణపు చివర అదే. అక్కడ 1954లో ఆము దర్యా నది నీటిని ఎడారిలోకి మళ్లించే కాలువ తవ్వడం మొదలుపెట్టారు. ఒకవైపు పత్తి పండింది. మరోవైపు ఆ నది చేరవలసిన అరల్ సముద్రం ఎండి, దాని అడుగు ఉప్పుమన్ను గాలికి లేచి ఊళ్ల మీద పడింది. నీటిని ఒకచోట ఆపితే మరోచోట అడుగు బయటపడుతుంది. మా ఊరు ఆ లెక్కలో చాలా చిన్నది. దిబ్బలన్నీ అచ్చం నెలవంకల్లా ఉండవు కూడా, చాలావరకు కంపచెట్లను పట్టుకొని పెరిగిన గుట్టలే. కానీ అడుగుభాగం కథ ఒకటే.

గీత ఎప్పుడు గీశారు?

ఇప్పుడు మనుషుల సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు, అందుకే దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరు. తరువాత అంతా బళ్ళారి జిల్లా. 1882లో అనంతపురం జిల్లా వేరుపడింది గానీ రాయదుర్గం తాలూకా బళ్ళారిలోనే ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి పట్నంతో సహా మిగతావి మైసూరుకు పోయాయి. రాయదుర్గం మన జిల్లాలో కలిసింది. తెలుగు నాటకానికి పేరు తెచ్చిన బళ్ళారి రాఘవ ఊరు ఆ దెబ్బతో పక్క రాష్ట్రమైంది.

గీత గీసినవాళ్లు కాగితం మీద గీశారు. ఊళ్ల పేర్లు మాత్రం గీతను పట్టించుకోలేదు. కొలగానహళ్లి, సింగానహళ్లి, ఉద్దేహాళ్, నేమకల్లు – ఇవన్నీ ఆంధ్రలోనే ఉన్నాయి. తెలుగులో పల్లె, కన్నడంలో హళ్లి. మన "ప" కన్నడంలో "హ" అవుతుంది. మన పాలు వాళ్లకు హాలు, మన పువ్వు వాళ్లకు హూవు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం కన్నడం వచ్చేసినట్టే. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, దర్గా దగ్గర ఉర్దూ మాట్లాడే పిల్లలు మా వైపు మామూలు. మేము హాస్టల్‌కు వచ్చిన కొత్తలో "ఉగ్గాని"ని "ఒగ్గరణి" అని, "జల్దీ" బదులు "బేగ" అని నవ్వులపాలైన సంగతి పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టిఫిన్ పళ్లెంలోకి వచ్చేది ఎలాగూ అదే బొరుగులు!

పక్కనే డి.హీరేహాళ్ మండలంలోని ఓబులాపురం దగ్గర ఇనుప ఖనిజం కోసం ఇదే గీత పెద్ద వివాదమైంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, సర్వే ఆఫ్ ఇండియా వచ్చి కొలవవలసి వచ్చింది. ఖనిజం ఉన్నచోట అడుగు అడుగునా కొలిచారు. ఇసుక ఉన్నచోట ఎవరూ కొలవలేదు.

అదే కుటుంబం, వేరే సర్టిఫికెట్

హాస్టల్ పిల్లలుగా మనం శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది.

గీతకు అటూ ఇటూ ఒకే కులాలవాళ్లున్నారు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి, ఇంటిపేర్లు కలుస్తాయి. కానీ ప్రభుత్వ జాబితాలో వేరు. బోయ వాల్మీకులను కర్ణాటకలో నాయక పేరుతో ఎస్టీల్లో చేర్చారు. మన దగ్గర మైదాన ప్రాంతంలో వాళ్లు బీసీలు. సుగాలీలు మన దగ్గర ఎస్టీలు, అక్కడ ఎస్సీలు. అన్న కొడుకు ఒక హాస్టల్లో, తమ్ముడి కొడుకు ఇంకొక హాస్టల్లో. మాదిగలు రెండుచోట్లా ఎస్సీలే. "అయితే మనకు ఇబ్బంది లేదు కదా" అని మేము కూడా అనుకున్నాము. ఉంది. ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ కుటుంబం ఇంకో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఆ రిజర్వేషన్ వర్తించదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్ర నుంచి బొంబాయికి వెళ్లిన కుటుంబంలోని విద్యార్థి మెడికల్ సీటు కేసు అది.

ఇప్పుడు ఈ తీర్పును మా ఇసుక పక్కన పెట్టి చూడండి. మాలో ఒకరి నాయనకు మూడెకరాల డీకేటీ పట్టా ఉంది. పాస్‌బుక్కులో ఇప్పటికీ మూడెకరాలే. కంటికి కనిపించేది ఎకరం చిల్లర, తక్కినది దిబ్బ కింద ఉంది. ఆ ఎకరంలో వేరుశనగ వేస్తే మొలక లేచిన వారానికే గాలికి ఇసుక తోలి ఆకు చిరిగిపోయేది. రెండుసార్లు విత్తనం పోయిన ఏడాది అమ్మా నాయనా సుగ్గికి పోయారు. బళ్ళారి వైపు మిరపకాయ కోతకు, పత్తి తీతకు. తరువాత బెంగళూరులో బిల్డింగు పనికి. పిల్లవాణ్ణి కూడా తీసుకుపోదామనుకున్నారు. అక్కడ కన్నడం బడి ఉంది, వాడికి కన్నడం వచ్చు. ఊళ్లో ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. "గీత దాటిస్తే వాని సర్టిఫికెట్టు చెల్లదప్పా. ఈడనే యాదన్నా హాస్టల్లో ఎయ్యి" అన్నాడట. ఆయన సుప్రీంకోర్టు తీర్పు చదవలేదు. తన కొడుకు విషయంలో అనుభవపడినాడు. అలా ట్రంకు పెట్టె, దుప్పటి, స్టీలు గ్లాసుతో వాడు మన హాస్టల్‌కు వచ్చాడు. క్లాసులో "మా ఇంటి ఎనకాల ఉండాది సార్" అన్నది వాడే.

సెలవులకు ఇంటికి పోతే ఇంటికి తాళం ఉండేది. దసరాకు అందరూ ఊళ్లకు పోయినా వాడు నాలుగు రోజులు వంటమనిషి దగ్గర ఉల్లిగడ్డలు కోస్తూ ఇక్కడే ఉన్నాడు. అప్పట్లో మేము ఎగతాళి చేశాము. ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఊరివాళ్లు ఏం చేస్తున్నారు?

ఊరికే కూర్చోలేదు. జేసీబీలు, ట్రాక్టర్లు పెట్టి దిబ్బను చదును చేసి, బోరు వేసి, మళ్లీ సేద్యం చేస్తున్నవాళ్లున్నారు. ఇసుక కింద నల్లరేగడి ఉన్నచోట తేమ నిలిచి పంట బాగానే వస్తుంది. కానీ తీసిన ఇసుక ఎక్కడ పోయాలి? పక్కవాడి గట్టు మీద పోస్తే గాలికి వాడి చేలోకి పోతుంది. ఈ ఇసుక తగాదాలు విన్నాము, చూశాము. డబ్బున్నవాడి దిబ్బ లేనివాడి పొలంలోకి నడుస్తుంది.

కణేకల్లు వైపు తుంగభద్ర ఎగువ కాలువ ఉంది, ఆ కాలువను వేదవతి మీద అక్విడక్టు కట్టి దాటించారు. ఎండిన నది పైనుంచి నిండు కాలువ పోతుంటే చూడడం విచిత్రంగా ఉంటుంది. ఆ కాలువకూ గ్యారంటీ లేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఆయకట్టు ఊళ్లన్నీ బిక్కుబిక్కుమన్నాయి.

దిబ్బను నిలబెట్టే పద్ధతి కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. జోధ్‌పూర్‌లో 1959 నుంచి కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల పద్ధతి ఇది: గాలికి అడ్డంగా దిబ్బ మీద ఎండుకంపను వరసలుగా పాతాలి. ఇసుక కదలడం తగ్గాక ఆ వరసల మధ్య గడ్డి, తరువాత చెట్లు నాటాలి. కారాకుంలో సాక్సాల్ అనే చెట్టు వేసినట్టే మనకు సరుగుడు, ఈత, తుమ్మ ఉన్నాయి. ఎవరూ వేయకపోయినా పెరిగే కంపచెట్టు ఎలాగూ ఉంది, కన్నడంలో దాని పేరే బళ్ళారి జాలి! చిక్కంతా నాటిన మొదటి మూడు నాలుగేళ్లలోనే. మేకలు తినకుండా, పొయ్యిలోకి పోకుండా ఎవరు కాస్తారు? కాయవలసినవాళ్లు సుగ్గికి పోయి ఉంటారు.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాము. ఈ వ్యాసం కోసం మొన్న నలుగురం దిబ్బ దగ్గరికి పోయినప్పుడు, గాలి పోయే వైపు దిబ్బ పాదం దగ్గర ఒక రాతి కూసం పాతి వచ్చాము. నేల మీద నాలుగడుగులు ఉంది. అడుగుకొక ఎర్ర రంగు గీత పెట్టాము. దిబ్బ అంచు నుంచి కూసానికి టేపు పట్టి పది అడుగులని రాసుకున్నాము. మా మిత్రుడి నాయన ఊళ్లోనే ఉన్నాడు, వయసు మీద పడి బెంగళూరు మానేశాడు. కూసం మేకలు తోసెయ్యకుండా చూస్తానన్నాడు. ఈసారి సోషల్ ప్రాజెక్టు రాసే తొమ్మిదో తరగతి తమ్ముళ్లు ఆగస్టు ఆఖరున, గాలి తగ్గాక పోయి, ఎన్ని గీతలు మునిగాయో, పది అడుగుల్లో ఎన్ని మిగిలాయో కొలిచి తేదీ వేసి రాసుకోండి. రాయదుర్గం లేదా బళ్ళారి నుంచి పోవచ్చు. మంచినీళ్లు తీసుకుపోండి, చెప్పులు వేసుకోండి. ఊళ్లో ఎవరినడిగినా దారి చెబుతారు. తెలుగులో అడిగినా సరే, కన్నడంలో అడిగినా సరే.